స్కూలు ఫీజు రశీదులకు పర్ఫరేషన్ కాగితం: మే 3 నుంచి జూన్ 9 దాకా మా అనుభవం

మే 3న ఆర్డర్ వచ్చింది. ఒక ప్రైవేటు స్కూలుకు 20,000 ఫీజు రశీదులు కావాలి. ఏ4 కాగితం, చింపుకునే చిల్లుల గీతలతో (పర్ఫరేషన్) అడ్డంగా మూడు భాగాలు: పైది ఆఫీసుకు, మధ్యది తల్లిదండ్రులకు, కిందిది బ్యాంకుకు. స్కూలు పేరు, గళ్లు మేం ఆఫ్‌సెట్‌లో ఒక రంగులో వేసివ్వాలి. పిల్లవాడి పేరు, మొత్తం, రశీదు నంబరు వాళ్లు ఆఫీసులోని రెండు లేజర్ ప్రింటర్లలో వేసుకుంటారు. తెలంగాణలో స్కూళ్లు ఆ ఏడాది జూన్ 12న తెరుస్తారు కాబట్టి జూన్ 9కి సరుకు చేరాలి. ఒక్కో కాగితానికి రూపాయిన్నర చొప్పున మాట ఇచ్చాం.

మాది సూర్యాపేటలో చిన్న ప్రెస్. బిల్లు బుక్కులకు పర్ఫరేషన్ ఏళ్లుగా చేస్తున్నాం. అదే పని ఇక్కడా సరిపోతుందనుకున్నాం. కానీ బిల్లు బుక్కు కాగితం చేత్తో రాసి చింపేది. లేజర్ ప్రింటర్లోకి వెళ్లే కాగితం రోలర్ల మధ్య వంగుతుంది, పొడి సిరాను కరిగించి అంటించే ఫ్యూజర్ దగ్గర సుమారు 200 డిగ్రీల వేడి తింటుంది, ఆ తర్వాత ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర హడావుడిగా చింపుతారు. ఈ మూడింటికీ తట్టుకునే కాగితం, గీత దొరకబుచ్చుకోవడానికే మాకు మే 8 దాకా పట్టింది.

స్కూలు అకౌంటెంట్ మేడమ్ మొదటి రోజే ఒక మాట చెప్పారు. "కాగితం ఇరుక్కుంటే పోయేది కాగితం కాదన్నా, నంబరు. సాఫ్ట్‌వేర్‌లో ఆ నంబరు అయిపోయినట్టు పడుతుంది. మళ్లీ రద్దు రాయాలి, చిరిగిన ముక్క ఫైలులో పెట్టాలి, ఆడిటర్‌కు చూపించాలి." అంతకుముందు ఏడాది వేరే చోట చేయించుకున్న రశీదులతో రోజుకు పది పదిహేను నంబర్లు రద్దయ్యేవట. అందుకే మేం ముందు ధర వైపు పోలేదు, జామ్‌ల లెక్క వైపు పోయాం.

మే 5, 6 తేదీల్లో ఐదు రకాల నమూనాలు తయారుచేశాం, ఒక్కోటి ఒక్కో ప్రింటర్‌కు 100 కాగితాలు. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు కాబట్టి గీతలు 99 దగ్గర ఒకటి, 198 దగ్గర ఒకటి. మే 7 ఆదివారం కాకపోయినా సెలవుల వల్ల స్కూలు ఆఫీసు ఖాళీగా ఉంది. వాళ్ల రెండు ప్రింటర్ల మీదే (ఒకటి పాతది, ఒకటి కొత్తది) వేసి చూశాం. ఇది తప్పనిసరి. మన షాపులోని ప్రింటర్ మీద బాగా వచ్చిందని సంతోషిస్తే లాభం లేదు. కాగితం లోపల ఎన్నిసార్లు వంపు తిరుగుతుందన్నది ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది.

మొదటిది కాలితో తొక్కే పాత మెషిన్ మీద గుండ్రటి చిల్లులు పొడిచింది. 20 కాగితాలకే ఆపేశాం. చిల్లుల్లోంచి పూర్తిగా ఊడని బొట్లు ట్రేలో రాలాయి. లోపల ముద్ర వేసే డ్రమ్ మీద పడితే ప్రింటర్‌కే ఎసరు. బిల్లు బుక్కుకు ఇప్పటికీ అది మంచి పర్ఫరేషనే, లేజర్‌కు మాత్రం పెట్టకూడదు.

రెండోది, మూడోది, నాలుగోది మా ట్రెడిల్ (నొక్కి అచ్చువేసే పాత మెషిన్) మీద పర్ఫరేషన్ రూల్‌తో, అంటే పళ్లున్న ఉక్కు పట్టీతో కొట్టినవి. అంగుళానికి 12 పళ్లు. అంటే ఒక కోత, ఒక ముడి (కోతల మధ్య తెగకుండా మిగిలే భాగం) కలిపి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. కాగితాలు వేరు: 70 జీఎస్ఎం మ్యాప్‌లితో (ఆఫ్‌సెట్‌కు వాడే మామూలు కాగితం), 80 జీఎస్ఎం కాపియర్ (జెరాక్స్ కాగితం), 100 జీఎస్ఎం కాపియర్. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నది. 70 మ్యాప్‌లితో పాత ప్రింటర్లో వందకు 9 సార్లు, కొత్త దాంట్లో 4 సార్లు ఇరుక్కుంది. 80 కాపియర్ 5, 2. 100 కాపియర్ పాతదాంట్లో ఒక్కసారి, కొత్తదాంట్లో ఒక్కసారి కూడా లేదు. ఈ అంకెలు చూసి 100 జీఎస్ఎం ఖాయం అనుకున్నాం. కానీ చింపేటప్పుడు తేలింది. మందం పెరిగితే ముడి కూడా గట్టిపడుతుంది. మడవకుండా గబుక్కున లాగితే చిరుగు గీత దాటి రశీదు లోపలికి పోయింది. ఆఫీసులో ఇద్దరు క్లర్కులు ఇరవయ్యేసి చింపితే ఒకరికి 6, ఇంకొకరికి 4 పాడయ్యాయి. అందులో ఒకదాంట్లో మొత్తం రాసిన గడే సగానికి చిరిగింది.

ఐదోది పక్క వీధిలోని డిజిటల్ షాపులో చేయించింది. వాళ్ల దగ్గర మడత గీతలు (క్రీజింగ్), పర్ఫరేషన్ వేసే కరెంటు మెషిన్ ఉంది. కాగితం పెడితే తిరిగే పళ్ల చక్రం కింద నుంచి పోతుంది. చక్రానికి అంగుళానికి 50 పళ్లు, దాన్ని మైక్రో పర్ఫరేషన్ అంటారు. కోత, ముడి కలిపి అర మిల్లీమీటరే. వేలితో తడిమితే గీత ఉందా లేదా అన్నట్టుంటుంది. 80 జీఎస్ఎం కాపియర్ మీద పాత ప్రింటర్లో ఒక్కసారి రెండు కాగితాలు కలిసి వెళ్లాయి, కొత్తదాంట్లో ఏమీ లేదు. ఒకసారి మడిచి గోటితో రుద్ది చింపితే అంచు కత్తిరించినంత నున్నగా వచ్చింది. మడవకుండా లాగితే మాత్రం ఇదీ పక్కకు పోతుంది. ఆ సంగతి మేడమ్‌కు అప్పుడే చెప్పి ఒప్పించాం.

తేడాకు కారణం కట్ట పక్కన స్కేలు పెడితే కనిపించింది. రూల్‌తో కొట్టిన 80 జీఎస్ఎం కాగితాలు 500 లెక్కన అంచు దగ్గర 52 మిల్లీమీటర్ల ఎత్తు, గీత దగ్గర 61. కోత కిందకి దిగినప్పుడు వెనకవైపు కాగితం బొబ్బలా లేస్తుంది. ఒక్క కాగితంలో కంటికి కనపడదు, కట్టలో గుట్ట అవుతుంది. ట్రేలో ఆ గుట్టే కాగితాన్ని లోపలికి లాగే పికప్ రోలర్‌ను ఎత్తుతుంది. ఒక కాగితం బొబ్బ ఇంకో కాగితం కోతలో దిగి రెండూ పట్టుకుంటాయి. మైక్రో కట్టలో గీత దగ్గర 55 మాత్రమే వచ్చింది.

ఒక చిక్కు మాత్రం ఆ రోజు అర్థం కాలేదు. 70 మ్యాప్‌లితో నమూనాకు రెండు కట్టల్లోంచి కాగితం తీశాం. ఒకే కంపెనీ, ఒకే జీఎస్ఎం, ఒకే దుకాణం. ఒక కట్టవి గీత వెంట తేలిగ్గా చిరిగి, ప్రింటర్లో ఎక్కువగా ఇరుక్కున్నాయి. రెండో కట్టవి గట్టిగా చిరిగి, ప్రింటర్లో బాగా పోయాయి. రాత్రంతా అదే ఆలోచన. మే 8 పొద్దున రెండు కట్టల నుంచి ఒక్కో కాగితం తీసి ఒకవైపు తడిగుడ్డతో తుడిచాం. ఒకటి పొడవైన అంచులు దగ్గరకొచ్చి పొడుగాటి గొట్టంలా చుట్టుకుంది. ఇంకొకటి పొట్టి గొట్టంలా చుట్టుకుంది. గ్రెయిన్, అంటే కాగితంలో నారలు సాగిన దిశ, వేరు! పెద్ద షీట్లను ఏ4కి కోసేటప్పుడు ఒక కట్ట నిలువుగా, ఇంకోటి అడ్డంగా కోశారు. గ్రెయిన్ పొడవు వెంట ఉంటే కాగితం ప్రింటర్ పోయే దిశలో బిగువుగా ఉంటుంది, అడ్డగీత దగ్గర మడత పడదు. గ్రెయిన్ అడ్డంగా, అంటే గీతకు సమాంతరంగా ఉంటే చింపడం సుఖం. కానీ ప్రింటర్ లోపల ఆ గీతే తలుపు బందులా ముడుచుకుంటుంది. మా పనికి గ్రెయిన్ పొడవు వెంటే ఉండాలి. కంపెనీ ప్యాకింగ్‌లో వచ్చే ఏ4 కాపియర్ రిమ్ములు (500 కాగితాల కట్టలు) సాధారణంగా అలాగే వస్తాయి. మ్యాప్‌లితో చవక అని కోయించుకుంటే ప్రతి కట్టకూ ఈ తడిగుడ్డ పరీక్ష చేయాల్సిందే. దుకాణంలో అడిగితే "అన్నీ ఒకటే" అన్నారు. ఒకటి కావు.

మ్యాప్‌లితోను వదిలేయడానికి ఇంకో కారణం తేమ. లేజర్ వేడికి ఆ తేమ ఒక్కసారిగా పోయి కాగితం చుట్టుకుంటుంది. కాపియర్ కాగితంలో తేమ ముందే తగ్గించి ఉంచుతారు. మూడు ప్రతులు కదా, కార్బన్ అక్కర్లేని ఎన్‌సీఆర్ కాగితం పెట్టవచ్చు కదా అని మధ్యలో ఒకరు సలహా ఇచ్చారు. పర్ఫరేషన్ నొక్కుడుకు దాని పూత నలిగి గీత పొడవునా నీలం చార పడుతుంది. పైగా లేజర్ ఒక్కసారికి ఒక్క కాగితమే వేస్తుంది, ఒత్తిడితో కింద ప్రతి పడేది సూదులతో కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లోనే.

అలా మే 8 సాయంత్రానికి తేలింది: 80 జీఎస్ఎం కాపియర్, మైక్రో పర్ఫరేషన్.

కానీ డిజిటల్ షాపులో 50 పళ్ల చక్రం ఒక్కటే ఉంది. ఒక్క చక్రంతో అయితే ప్రతి కాగితం రెండుసార్లు పోవాలి. కూలి రెట్టింపు, గీతలు పక్కకు పోయే ప్రమాదం రెట్టింపు. మే 10న హైదరాబాద్ పోయాం. ప్రింటింగ్ షాపులుండే ఛత్తాబజార్‌లో రెడీమేడ్ మైక్రో పర్ఫరేషన్ ఏ4 దొరుకుతుందేమో కూడా అడిగాం. ఒక గీతది ఉంది, రెండు గీతలది ఆర్డర్ మీదే, మా లెక్కకు మించిన రిమ్ములు తీసుకోవాలన్నారు. ఒక డీలర్ దగ్గర రెండు చక్రాలు, వాటి కింద తిరిగే జోడు రింగులతో సహా 2,400 రూపాయలకు మాట్లాడుకున్నాం. నాలుగు రోజుల్లో పార్శిల్ వస్తుందన్నారు. వచ్చింది మే 19న, తొమ్మిది రోజులకు. ఆ తొమ్మిది రోజులు ఎవరికీ నిద్ర సరిగా లేదు. రోజూ బస్టాండ్ పార్శిల్ ఆఫీసుకు పోయి రావడమే. ఇలాంటి పని ఒప్పుకొనేవారు చక్రం చేతికి రాకముందు తేదీ చెప్పకండి.

ఖాళీగా కూర్చోకుండా మే 12, 13 తేదీల్లో మినీ ఆఫ్‌సెట్ మీద 21,000 వేసేశాం. ముందు ముద్ర, తర్వాత పర్ఫరేషన్. వరస మార్చి చేస్తే గీతల దగ్గర దుమ్ము రాలి బ్లాంకెట్‌కు (కాగితం మీద ముద్ర దించే రబ్బరు షీటు) అంటుకుంటుంది, అక్షరాల్లో తెల్లమచ్చలు పడతాయి. గీతకు అటూ ఇటూ 4 మిల్లీమీటర్లు ఏమీ వేయకుండా వదిలాం. 3 చాలనేవాళ్లు ఉన్నారు. ఆఫీసు లేజర్లో కాగితం ఒక్కోసారి 2 మిల్లీమీటర్ల దాకా జరగడం మేం కొలిచి చూశాం, అందుకే 4.

ఇక్కడ రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది సిరా. మే 15న ఒక కాగితం మీద తెల్లకాగితం పెట్టి, ఇస్త్రీ పెట్టెను నూలు బట్టల వేడిలో ఉంచి నొక్కాం. స్కూలు పేరు నీలంగా తెల్లకాగితానికి అంటింది. అంటే ఫ్యూజర్ రోలర్‌కూ అంటుతుంది, తర్వాతి కాగితాలన్నిటి మీదా నీడలా పడుతుంది. చేత్తో తుడిస్తే అంటని సిరా కూడా వేడికి అంటుతుంది. ముట్టుకుంటే ఆరినట్టుండటం వేరు, లోపల గట్టిపడటం వేరు. మే 17న మళ్లీ చూస్తే లేతగా అంటింది. మే 19న ఏమీ అంటలేదు. ఎండాకాలంలోనే ఆరు రోజులు పట్టింది. లేజర్‌కు పోయే ముద్రణకు కనీసం వారం తీసిపెట్టుకోవాలని అప్పుడు రాసుకున్నాం. అక్షరాల చుట్టూ గళ్ల గీతలు సన్నగా వేసి సిరా తక్కువ పెట్టి ఉంటే ఇంకో రోజు కలిసొచ్చేది.

రెండోది కూలర్. మే ఎండకు ప్రెస్‌లో నీళ్ల కూలర్ ఆగకుండా తిరుగుతుంది. ముద్రించిన కట్టల్లో మూడు రిమ్ములు దాని గాలికి ఎదురుగా పెట్టాం. మర్నాటికి అంచులు అలల్లా లేచాయి. కాగితం తేమను అంచుల నుంచి పీల్చుకుంటుంది, మధ్యభాగం పొడిగానే ఉంటుంది. వాటిని కూలర్ లేని లోపలి గదికి మార్చి, కొంచెం కొంచెం విడదీసి పేర్చి, పైన ప్లైవుడ్ చెక్క, దాని మీద బరువు పెట్టాం. రెండు రోజులకు మామూలైంది. అప్పటి నుంచి ముద్రించని రిమ్ములు కవరు విప్పకుండా, ముద్రించినవి పాలిథిన్ చుట్టి ఉంచాం.

మే 20న ఆ డిజిటల్ షాపు మెషిన్‌కు చక్రాలు బిగించాం. మెషిన్‌లో 99, 198 కొలతలకు పెట్టి బోల్టు బిగించడం పది నిమిషాల పని. లోతు సరిచేయడానికి మాత్రం మూడు గంటలు పట్టింది. చక్రం కింది రింగును మరీ నొక్కితే బొబ్బ పెరుగుతుంది, పళ్లు త్వరగా మొద్దుబారతాయి. తక్కువైతే ముడులు మిగిలిపోతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గీత అంతటా ఒకేలా చుక్కలు కనిపించాలి. చివర్లలో చుక్కలు మాయమైతే చక్రం ఒరిగి ఉన్నట్టు. ముద్ర ఉన్న వైపు పైకి పెట్టి పంపాం. పళ్లు పైనుంచి దిగుతాయి, బొబ్బ వెనకవైపు లేస్తుంది. తిరగేసి పంపిన పది కాగితాల మీద లేజర్ వేసి చూస్తే గీత పక్కన టోనర్ (పొడి సిరా) పడని తెల్లటి చారలు వచ్చాయి.

మే 21, 22 తేదీల్లో 21,000 కాగితాలు పోశాం. ఒక్కొక్కటే చేత్తో పెట్టాలి. ఇద్దరు మార్చుకుంటూ చేస్తే గంటకు 1,500 దాకా నడిచింది. రెండు కాగితాలు అంటుకుని పోతే రెంటికీ గీత పైపైనే పడుతుంది, అలాంటివి తీసేయాలి. ప్రతి 500కి ఆపి కాగితం దుమ్ము బ్రష్‌తో దులిపాం. ఆ దుమ్ము కట్టతో పాటు పోతే ప్రింటర్ రోలర్లు జారడం మొదలవుతుంది. సుమారు 16,000 దగ్గర ఒక చక్రం గీత గరుకుగా మారింది. విప్పి పక్కకు తిప్పి బిగిస్తే పని పూర్తయింది.

తర్వాత మూడు రోజులు కట్టలను చెక్కల మధ్య బరువు కింద ఉంచాం. 55 ఉన్న ఎత్తు 53కి దిగింది. ఈ మూడు రోజులు దండగ అనిపిస్తుంది. కానీ జామ్‌లు తగ్గించింది ఇదే అని మా నమ్మకం.

మే 26న 500 కాగితాలు తీసుకుని స్కూలుకు పోయాం. మొదటి రెండు వందల్లో నాలుగు జామ్‌లు! గుండె జారింది. చూస్తే ట్రేలో 250 నిండుగా పెట్టారు, కాగితాన్ని పక్కల నుంచి పట్టే గైడ్లు బిగించి నొక్కారు. చక్రం గీతను అంచు నుంచి అంచు దాకా కోస్తుంది. రూల్‌తో అయితే అంచుకు ముందు ఆపుకోవచ్చు, చక్రంతో కుదరదు. గైడ్ బిగుసుకుంటే ఆ కోసిన అంచే పట్టుకుని చిరుగు మొదలవుతుంది. గైడ్లను కాగితానికి తగిలీ తగలనట్టు జరిపించాం, ట్రేలో వందకు మించి పెట్టవద్దన్నాం, పెట్టేముందు కట్టను విసనకర్రలా ఆడించమన్నాం. పాత ప్రింటర్‌కు వెనక తలుపు తెరిస్తే కాగితం వంపు తిరగకుండా నేరుగా బయటికి వస్తుంది, అలా వేయించాం. మిగతా 300లో ఒక్కటీ ఇరుక్కోలేదు. మేడమ్ మొహంలో అప్పుడు నవ్వు చూశాం.

ఇక అయిపోయిందనుకుంటే మే 28న కట్టలు సరిచూస్తుండగా 1,400 కాగితాల్లో కింది గీత తేడాగా కనిపించింది. పర్ఫరేషన్ మెషిన్‌లో కాగితం పెట్టే దగ్గరి గైడ్ జారి, గీత ఒకటిన్నర మిల్లీమీటరు ఓరగా పోయింది. ఒక చివర సంతకం గడిని తాకుతోంది. అప్పుడు చివరి 1,400 పోసేటప్పుడు తొందరలో 500కి ఒకసారి స్కేలు పెట్టడం మానేశాం. వాటిని ఇవ్వలేం. మిగిలింది 19,600, అందులో పరీక్షకు పోయినవి 500. మే 29న ఇంకో రెండు రిమ్ములు ముద్రించాం, ఇస్త్రీ పరీక్ష ఈసారి ఏడో రోజు జూన్ 5న పాసైంది, అదే రోజు పర్ఫరేషన్, మూడు రోజుల బరువు. జూన్ 9 పొద్దున 20,000 రశీదులు, సరిగ్గా వంద కిలోలు, ఆటోలో స్కూలుకు పోయాయి. వంద చొప్పున పాలిథిన్‌లో చుట్టాం. ట్రేకు ఒక కట్ట, విప్పగానే వాడేలా.

ఖర్చు చెబుతాను, ధర చెప్పేవాళ్లకు పనికొస్తుంది. 44 రిమ్ముల కాగితం, రిమ్ము 285 లెక్కన 12,540. ప్లేటు 300. ముద్రణ 22,000కి వెయ్యికి 250 చొప్పున 5,500. పర్ఫరేషన్ కూలి వెయ్యికి 180 చొప్పున 3,960. చక్రాలు 2,400. నమూనాల కాగితం, కూలి 1,150. హైదరాబాద్ ప్రయాణం 420. మొత్తం 26,270, అంటే కాగితానికి రూపాయి 31 పైసలు. ఒప్పుకున్నది రూపాయిన్నర. మిగిలిన 3,730లోంచే ఆటో కిరాయి, మా చేతి పని. చక్రాలు మిగిలాయి కాబట్టి వచ్చే పనికి ఆ 2,400 ఉండదు. నమూనాల 1,150 మాత్రం ప్రతిసారీ ఉండాల్సిందే.

జూన్ 16న మేడమ్ ఫోన్ చేశారు. నాలుగు రోజుల్లో 1,180 రశీదులు వేశారు, రద్దయిన నంబర్లు మూడు. ఆ మూడూ ఒకే సాయంత్రం, వాన పడి గాలిలో చెమ్మ చేరిన రోజున, విప్పి రాత్రంతా ట్రేలో వదిలేసిన కట్టవి.